చీకటి తెరకు నిదానము: రెండు గ్రంథముల విమర్శ

లినక్స్‌తో నడచు కంప్యూటరున్న వారికి ఈ అనుభవము క్రొత్త కాదు. రాత్రి యంత్రము చక్కగా పనిచేసినది. సవరణలు వచ్చినవి, స్వీకరింతువా అని అది అడిగినది, యజమాని సరే యన్నాడు. తెల్లవారి మీట నొక్కగా తయారీదారుని చిహ్నము క్షణకాలము కనబడి మాయమైనది. ఆ పైన తెర చీకటి. పంకా తిరుగుచునే యున్నది, డిస్కు దీపము మినుకుమినుకు మనుచునే యున్నది. యంత్రము చావలేదు, దానికి నోరు పడిపోయినది. ఇట్టి సందర్భములలో పెక్కింటికి మూలము గ్రాఫిక్స్ కార్డును నడపు డ్రైవరునందే యుండును.

ఈ వ్యాధిపై వాఙ్మయము తక్కువ కాదు. అందులో రెండు రచనలను ఇక్కడ విమర్శకు తీసికొనుచున్నాను. మొదటిది లినక్స్ కెర్నెలు మూలపాఠముతో కలిపి పంచబడు ఒక పత్రము. వ్రాసినవాడు కెర్నెలు నిర్వాహకులలో ప్రముఖుడైన గ్రెగ్ క్రో-హార్ట్‌మన్. కెర్నెలు లోపలి ఇంటర్‌ఫేసులు స్థిరముగా ఉండవలెననుట అర్థము లేని మాట యని దాని పేరులోనే చెప్పినాడు. రెండవది ఎన్విడియా సంస్థ తన లినక్స్ డ్రైవరుతో పాటు ఇచ్చు ‘రీడ్‌మీ’ అను సుదీర్ఘ గ్రంథము. ఒకటి గట్టునకు ఈవలి వారిది, మరొకటి ఆవలి వారిది. ఇద్దరును తమ పక్షమును నిజాయితీగానే చెప్పినారు. అయినను చీకటి తెర ముందు కూర్చున్న మనిషి అడుగవలసిన మొదటి ప్రశ్న రెండింటిలోను మొదట లేదు. ఈ క్షణమున కార్డు ఏ డ్రైవరు చేతిలో ఉన్నది? అదియే ఆ ప్రశ్న. నా ఫిర్యాదు ప్రధానముగా ఇంతే. కాని దానిని నిలబెట్టుటకు కొంత వెనుకకు పోవలసి యున్నది.

సాధారణమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. సెకనుకు 60 మారులు బొమ్మను దిద్దినచో, ప్రతి సెకనునందును పన్నెండు కోట్లకు మించిన చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఈ చాకిరి ప్రధాన ప్రాసెసరుపై పడకుండ గ్రాఫిక్స్ కార్డు తాను నెత్తిన వేసికొనును. అది తనంతట తానొక కంప్యూటరే: దానికి సొంత ప్రాసెసరు, సొంత మెమరీ, పెద్ద కార్డులైనచో సొంత పంకాలు కూడ కలవు. దానితో మాటలాడు ప్రోగ్రామునే డ్రైవరందురు. డ్రైవరన్న మాట వినగానే మనకు బస్సు నడపువాడు గుర్తుకు వచ్చును; ఆ పోలిక అంత చెడ్డదేమియు కాదు.

లినక్స్‌లో ఈ డ్రైవరు రెండు ముక్కలుగా ఉండును. ఒక ముక్క కెర్నెలు లోపల పనిచేయును. కెర్నెలనగా ఆంగ్లమున గింజలోని పప్పు. యంత్రమును ఏలు ప్రధాన కార్యక్రమమునకు ఆ పేరు పెట్టినారు. రెండవ ముక్క కెర్నెలు వెలుపల లైబ్రరీల రూపమున ఉండి, ఆటలకును, చిత్రలేఖన ప్రోగ్రాములకును సేవ చేయును. ఈ రెండు ముక్కలకు పొత్తు కుదరవలెను. ఎన్విడియా వారి డ్రైవరులో రెండింటి సంఖ్యయు అక్షరాల ఒకటే కావలెను. సవరణ జరిగి వెలుపలి ముక్క మారి, లోపలి పాత ముక్క ఇంకను మెమరీలో ఉన్నచో, రెండింటికి పొసగదని యంత్రము ఫిర్యాదు చేయును. ఆ ఫిర్యాదును చూచి బెదరి డ్రైవరును పెరికివేసినవారున్నారు. అప్పుడు చేయవలసినది యంత్రమును ఒకమారు ఆర్పి వెలిగించుట మాత్రమే!

ఇక మొదటి రచన. ఇది 2.6 శ్రేణి కెర్నెలుల కాలమున వ్రాయబడినది. చిన్నది, సూటియైనది, కొంత కొంటెతనము కూడ కలది. రచయిత వాదము ఇట్లున్నది. కెర్నెలు వెలుపల నడచు ప్రోగ్రాములకు ఇచ్చిన మాట స్థిరము. ఎంత పాత ప్రోగ్రామైనను క్రొత్త కెర్నెలుపై నడువవలెను. కాని కెర్నెలు లోపలి భాగములు ఒకదానితో నొకటి మాటలాడుకొను తీరునకు అట్టి హామీ లేదు, ఉండరాదు కూడ. మన ఇండ్లలో వీధి గుమ్మము కదలదు, లోపలి గోడలను మాత్రము ఇంటివారు అవసరము కొలది మార్చుకొందురు, అట్లే ననుకొనవలెను. ఏ కంపైలరుతో కెర్నెలును తయారు చేసినారు, ఏయే ఐచ్ఛికములు ఎన్నుకొన్నారు, ఏ జాతి ప్రాసెసరు కొరకు చేసినారు అనుదానిని బట్టి లోపలి నిర్మాణముల అమరిక మారును. కనుక ఒకచోట తయారైన మాడ్యూలు మరియొక కెర్నెలులో ఇముడుననుట అత్యాశ.

ఈ వాదమునకు ఆయన చూపిన యు.ఎస్.బి. ఉదాహరణము చక్కనిది. ఆ విభాగమును కనీసము మూడుమారులు తిరుగవ్రాసినారట. పాత పద్ధతికి కట్టుబడి యుండవలసి వచ్చినచో పాత దోషములను కూడ చిరకాలము మోయవలసి యుండెడిది. కనుక డ్రైవరు వ్రాయువారికి ఆయన సలహా ఒక్కటే: మీ డ్రైవరును కెర్నెలు మూలపాఠములోనికి తెండు, లోపలి గోడను మార్చువాడే మీ తలుపును కూడ సరిచేయును. ఇంటెలు కార్డుల విషయమునను, 2007 తరువాత ఏ.ఎం.డి. కార్డుల విషయమునను ఈ సలహా ఫలించినది. ఆ డ్రైవరులు కెర్నెలుతో కలిసి వచ్చుచున్నవి. వానిని వాడువారు ఈ చీకటిని చూడనే చూడరని చెప్పజాలను గాని, తక్కువగా చూతురు.

రచయిత చెప్పినదంతయు ఒప్పుకొనవచ్చును. అయినను పత్రము మొదటి నుండి చివరి వరకు ‘మీరు’ అని సంబోధించునది ఎవరిని? డ్రైవరు వ్రాయు ఇంజనీరును. కార్డును కొన్న మనిషి ఆ పత్రములో లేడు. తొమ్మిది పది వారములకొక క్రొత్త కెర్నెలు వెలువడుచున్నది. లోపలి గోడ మారిన ప్రతిమారును వెలుపలి డ్రైవరు సంస్థవారు తమ మాడ్యూలును దిద్దవలెను. వారు దిద్దులోపల సవరణను స్వీకరించిన అమాయకుడు చీకటిలో ఉండును. కెర్నెలు వారి స్వాతంత్ర్యమునకు వెల సంస్థ చెల్లింపవలెనని రచయిత ఉద్దేశము. చెల్లించుచున్నది మూడవవాడు. మూలపాఠమును బయట పెట్టని మాడ్యూలును ఎక్కించినంతనే కెర్నెలు తనపై ‘కళంకిత’ అను ముద్ర వేసికొనును; అటుపై వచ్చిన దోషమును గూర్చి కెర్నెలు వారికి విన్నవించినను వారు విచారింపరు. సాంకేతికముగా ఇది సమంజసము, లోపల ఏమున్నదో తెలియనిదానిని వారెట్లు పరీక్షింతురు? కాని ఇద్దరు వైద్యులును రోగిని ఎదుటివాని యొద్దకు పొమ్మనుచున్నారు. 2012లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయమున లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను ఎంత పరుషముగా నిందించినదియు లోకమెల్ల చూచినది. నింద న్యాయమే కావచ్చును. దానివలన ఎవరి తెరయు వెలుగలేదు.

రెండవ రచన స్వభావము వేరు. ఎన్విడియా వారి రీడ్‌మీ విస్తారమైనది, ఓపికతో కూర్చబడినది. స్థాపన విధానము, తరచుగా అడుగబడు ప్రశ్నలు, సామాన్య సమస్యలు, తెలిసిన లోపములు, ఆ పైన అనుబంధములు. స్వేచ్ఛా డ్రైవరైన ‘నూవో’ను గూర్చి అది చెప్పిన తీరు మర్యాదగా ఉన్నది. నూవో అనగా ఫ్రెంచిలో ‘క్రొత్త’. సంస్థ సహాయము లేకయే, కార్డు నడవడిని గమనించి దాని రహస్యములను ఊహించి వ్రాసిన డ్రైవరది, 2010లో 2.6.33 కెర్నెలుతో లోపల చేరినది. ఒక కార్డును ఏకకాలమున ఇద్దరు తోలలేరు గనుక నూవోను ఎక్కకుండ ఆపవలెనని రీడ్‌మీ చెప్పి, ఆపు విధమును కూడ వివరించును. ఇంతవరకు బాగున్నది.

చిక్కు అమరికలో ఉన్నది. సమస్యల అధ్యాయమున పెక్కు శీర్షికలు రోగి నోట పలికించిన వాక్యములు: నా సర్వరు మొదలు కాలేదు, లాగు పుస్తకములో ఈ దోషవాక్యము కనబడినది, అని. దోషవాక్యమును చదువగలిగినవాడు సగము గట్టెక్కినవాడే. తెరయే వెలుగనివానికి ఆ వాక్యమును ఎట్లు సంపాదింపవలెనో ముందు చెప్పవలదా? పైగా ఈ గ్రంథము డ్రైవరుతో పాటు అదే కంప్యూటరులో నిక్షిప్తమగును. దీపమారిన గదిలో అగ్గిపెట్టె ఎక్కడున్నదో తెలుపు చీటిని ఆ గదిలోనే దాచినట్లున్నది.

అయినను సంస్థ వారి మరియొక పత్రమును మెచ్చుకొనక తప్పదు. కార్డు కుప్పకూలినపుడు డ్రైవరు ‘ఎక్స్ఐడి’ అను పేరుతో ఒక సంఖ్యను నమోదు చేయును. ఏ సంఖ్యకు ఏమి అర్థమో పట్టిక కలదు. ఉదాహరణకు 79 కనబడినచో కార్డు తన మార్గమునుండి జారిపోయినదని, అనగా దానితో సంబంధమే తెగినదని భావము. అప్పుడు డ్రైవరును ఎన్నిమారులు మార్చినను ప్రయోజనము అరుదు. విద్యుత్తు సరఫరా, వేడి, కార్డు గాడిలో సరిగా కూర్చున్నదా లేదా అనునవి చూడవలెను. లక్షణమును కాక కారణమును పట్టిచ్చు రచన ఇట్లుండవలెను.

ఈ రెండు గ్రంథములును విడిచిన ఖాళీలో చిట్కాలు మొలచినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘నోమోడ్‌సెట్’. యంత్రము మేల్కొనునపుడు కెర్నెలునకు ఈ మాట చెప్పినచో, గ్రాఫిక్స్ డ్రైవరులు తెరను తమ అధీనములోనికి తీసికొనక ఊరకుండును. యంత్రపు ఫర్మ్‌వేరు మొదట అమర్చిన సాదా తెరయే నిలుచును. బొమ్మ వచ్చును, కాని కార్డు పనిచేయదు. చాకిరి అంతయు ప్రధాన ప్రాసెసరు చేయును. ఇది ఊతకర్ర, మందు కాదు. మా మేనల్లుడొకడు ఇంజనీరింగు విద్యార్థి. ఒకనాటి రాత్రి ఫోను చేసి, “మామయ్యా, డ్రైవరు నాలుగుసార్లు మార్చినాను, అయినా నత్తలాగే నడుస్తున్నది” అన్నాడు. వాని కార్డు కెర్నెలులోని డ్రైవరుతోనే చక్కగా నడువవలసిన రకము. విచారింపగా, మూడు నెలల క్రితము చీకటి తెర వచ్చినపుడు ఎవరో చెప్పిన నోమోడ్‌సెట్‌ను శాశ్వతముగా వ్రాసి మరచిపోయినాడు. అసలు దోషమును అటు పిమ్మట వచ్చిన కెర్నెలు సవరణయే తీర్చినది. చిట్కా మాత్రము మిగిలి క్రొత్త రోగమైనది. “నీ కార్డును ఎవరు తోలుచున్నారో ఒక్కమారైనను చూచినావా?” అంటిని. చూడలేదు. చూడవలెనని వానికి ఏ పుస్తకమును చెప్పలేదు.

మన వైద్యశాస్త్రమున నిదానమను మాట కలదు. లక్షణములను వరుసగా పరిశీలించి కారణమును నిశ్చయించుట దాని పని. చికిత్స ఆ తరువాతి మాట. చీకటి తెరకు అట్టి వరుస కష్టమైనది కాదు. మీట నొక్కగానే తయారీదారుని చిహ్నము కనబడినదా? కనబడినచో తెరయు, తీగయు, కార్డు కొంతవరకైనను బాగున్నట్లే. అటుపై కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 మీటలను ఒకేసారి నొక్కవలెను. నల్లని తెరపై అక్షరములు వచ్చి పేరు అడిగినచో కెర్నెలు సజీవముగా ఉన్నది. దెబ్బతిన్నది పైనున్న చిత్రాలంకారము మాత్రమే. రాకపోయినచో ఆరంభపు పట్టికలో పాత కెర్నెలును ఎన్నుకొనవచ్చును. చాల లినక్సులు ఒకటి రెండు పాత కెర్నెలులను దాచి యుంచును. ఈ సదుపాయమున్నట్లు తెలియక మొత్తము యంత్రమును తిరిగి స్థాపించిన వారిని ఎరుగుదును.

అక్షరములు దొరకిన పిమ్మట మన మొదటి ప్రశ్న. ఎల్, ఎస్, పి, సి, ఐ అను అయిదక్షరములు కొట్టి, ఖాళీ విడిచి, అడ్డుగీత, కె అని వ్రాసినచో యంత్రములోని కార్డులన్నియు వరుసగా కనబడును. ప్రతి కార్డు క్రింద ‘ప్రస్తుతము వాడుకలోనున్న కెర్నెలు డ్రైవరు’ అను అర్థము గల పంక్తి ఉండును. అక్కడ నూవో అని ఉన్నదా, ఎన్విడియా అని ఉన్నదా, ఏ.ఎం.డి.జి.పి.యు. అని ఉన్నదా, లేక ఆ పంక్తియే లేదా? పంక్తియే లేనిచో కార్డు అనాథ. ల్యాప్‌టాపులలో తరచుగా రెండు కార్డులుండును. రెండింటి పంక్తులను చూడవలెను. ఆ తరువాత జర్నలు ఆజ్ఞతో క్రిందటి మారు యంత్రము లేచినప్పటి కెర్నెలు సందేశములను తెప్పించుకొనవచ్చును. చీకటిలో జరిగినదంతయు అందులో వ్రాసి యుండును.

ఎన్విడియా డ్రైవరు స్థాపింపబడి యుండియు కార్డు అనాథగా కనబడుటకు తరచుగా తటస్థించు కారణములు రెండు. క్రొత్త కెర్నెలు వచ్చినప్పుడెల్ల మాడ్యూలును తిరిగి తయారు చేయుటకు డి.కె.ఎం.ఎస్. అను ఏర్పాటు కలదు. 2003లో డెల్ సంస్థ ఇంజనీర్లు దీనిని రూపొందించిరి. దానికి ఆ కెర్నెలు తాలూకు హెడరు ఫైళ్లు కావలెను. కెర్నెలు వచ్చి హెడర్లు రాకపోయినచో మాడ్యూలు తయారు కాదు. ఈ వైఫల్యము సవరణల సందడిలో ఎవరి కంటను పడదు. రెండవది సెక్యూర్ బూట్. ఇది సంతకము లేని మాడ్యూలును కెర్నెలులోనికి రానీయదు. సొంతముగా తయారైన మాడ్యూలుకు సొంత తాళపుచెవితో సంతకము చేసి, ఆ చెవిని యంత్రముచే అంగీకరింపజేయవలెను. అందుకై ఒకే ఒకమారు, యంత్రము తిరిగి లేచునపుడు, నీలపు తెర యొకటి వచ్చి అడుగును. అదేమో తెలియక దానిని దాటవేసినవారికి చెవి చేరదు, మాడ్యూలు ఎక్కదు. రెండు కారణములును చిన్నవే. రెండింటికిని డ్రైవరును పెరికి తిరిగి పెట్టుట మందు కాదు. అయినను లోకులు మొదట చేయునది అదియే.

ఇంతవరకు ఓపిక యుండినచో తీరు చిక్కులు. తీరని చిక్కు ఒకటున్నది, దానిముందు రెండు గ్రంథములును మూగవోవును.

ఎన్విడియా తన కార్డుల తరములకు శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టును: ఫెర్మీ, కెప్లర్, మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా, ట్యూరింగ్. 2014లో వచ్చిన రెండవ మాక్స్‌వెల్ కార్డుల నుండి, సంస్థ సంతకము లేని ఫర్మ్‌వేరును కార్డు అంగీకరించుట మానినది. కార్డు వేగమును పెంచు అధికారము ఆ ఫర్మ్‌వేరు చేతిలో ఉన్నది. నూవో కెర్నెలు లోపలనే ఉన్నను ఈ కార్డులను అవి లేచినప్పటి మందగతిలోనే నడుపగలదు. 2018 నాటి ట్యూరింగ్ నుండి కార్డులోనే మరియొక చిన్న ప్రాసెసరు ఈ బాధ్యతలను మోయుచున్నది. దాని ఫర్మ్‌వేరును వాడుకొను శక్తి 2024 ఆరంభమున వచ్చిన 6.7 కెర్నెలుతో నూవోకు అబ్బినది. 2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నెలు మాడ్యూలు మూలపాఠమును బయట పెట్టినపుడు కూడ, అది ట్యూరింగ్‌కును తరువాతి వానికిని మాత్రమే. ఆ మాడ్యూలు ఇప్పటికిని కెర్నెలు చెట్టునకు వెలుపలనే పెరుగుచున్నదను సంగతిని పలువురు గమనింపలేదు.

ఇక సంస్థవారి సొంత డ్రైవరు: మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరములకు 580 శ్రేణియే చివరిదని 2025లో ప్రకటించిరి. 2016లో వెలువడి ఎందరో విద్యార్థులు కొనుక్కొన్న జి.టి.ఎక్స్. 1060 ఈ తరములోనిదే. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల చేతులు మారిన సరకు కొనువారికి ఇది పట్టింపవలసిన సంగతి. 580 శ్రేణికి సవరణలు వచ్చినంత కాలము చింత లేదు. అవి నిలిచిన పిమ్మట కెర్నెలు లోపలి గోడ ఒకటి మారిననాడు ఆ మాడ్యూలు తయారు కాదు. కార్డులో ఒక్క తీగయు చెడి యుండదు.

క్రో-హార్ట్‌మన్ పత్రము ఈ కార్డుదారునకు ఏమి చెప్పగలదు? డ్రైవరు కెర్నెలు లోపల ఉన్నచో బ్రదుకుననెను గదా. లోపలనే ఉన్న నూవోకు కాళ్లు కట్టి యున్నవి. తాళము కార్డులోనే ఉండగా మూలపాఠము స్వేచ్ఛగా ఉన్నంత మాత్రమున చాలదని ఆ పత్రము వ్రాసిననాడు ఊహింపలేదు, తరువాతనైనను చేర్చలేదు. రీడ్‌మీ ఏ పాత కార్డుకు ఏ పాత శ్రేణి వాడవలెనో పట్టిక వేసి యిచ్చును. ఆ శ్రేణి నేటి కెర్నెలుతో కూర్చుకొననినాడు పాత కెర్నెలునే అంటిపెట్టుకొని భద్రతను వదలుకొనవలెనో, కార్డునే వదలుకొనవలెనో ఆ పట్టిక చెప్పదు. సంస్థ ఒక్క సంతకము చేసిన ఫర్మ్‌వేరును వేగనియంత్రణకై విడుదల చేసినచో నూవో ఈ కార్డులను నడుపుకొనగలదు. అడిగినవారున్నారు, పాస్కల్ విషయమున అట్టి ఫర్మ్‌వేరు రాలేదు.

ఇప్పుడు రస్ట్ భాషలో ‘నోవా’ అను క్రొత్త డ్రైవరును వ్రాయుచున్నారు. దాని తొలి భాగము 2025లో 6.15 కెర్నెలున చేరినది. నూవో పడిన పాట్లనెరిగిన వారే దానిని చేపట్టిరి గనుక ఆశ పెట్టుకొనవచ్చును. అదియును ట్యూరింగ్ మొదలుకొనియే.